దేవుని స్వరం, దాని పరీక్షలు

దేవుడు మాట్లాడతాడన్న విశ్వాసం క్రైస్తవ మతానికి ఎంత పాతదో, వినిపించినది ఆయన మాటేనా అన్న సందేహం కూడా అంతే పాతది. నిర్ణయం ముందు నిలిచిన విశ్వాసికి దేవుడు దారి చూపడాన్ని నడిపింపు అనీ, ఒక పనికి మనసును లోపలి నుంచి పురికొల్పడాన్ని ప్రేరేపణ అనీ, మెలకువలోనో కలలోనో కనిపించినదాన్ని దర్శనం అనీ, సంఘాన్ని ఉద్దేశించి ఒకరి నోట వెలువడినదాన్ని ప్రవచనం అనీ తెలుగు సంఘాలు వ్యవహరిస్తాయి. వీటిలో ఏది దేవుని నుంచి వచ్చింది, ఏది మనిషి సొంత కోరిక నుంచి పుట్టింది, ఏది మోసపుచ్చే ఆత్మ పని అని వేరుచేసి చూడడాన్ని వేదాంత గ్రంథాలు ఆత్మల వివేచన అంటాయి; పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో దానిని వరాలలో ఒకటిగా లెక్కించాడు. ఈ విషయంపై రెండు వేల ఏళ్లుగా పోగైన ఆలోచనను వరుసగా పరిశీలిస్తే ఒక సంగతి తేటపడుతుంది. సంప్రదాయం రూపొందించుకున్న పరీక్షలు తప్పుడు స్వరాన్ని తోసిపుచ్చడంలో చూపిన సామర్థ్యాన్ని నిజమైన స్వరాన్ని ధ్రువపరచడంలో చూపలేదు. స్వరం ఎలా వినిపించిందన్న ప్రశ్న కంటే, విన్నవారు ఎవరు, ఆ తరువాత ఏం జరిగింది, ఇంకెవరు దాన్ని పరిశీలించారు అన్న ప్రశ్నలే ఎక్కువ పనికివచ్చాయి.

బైబిలులో ఈ సమస్యకు మొదటి పాఠంగా తరచూ చూపేది సమూయేలు బాల్యంలోని ఘట్టం. ప్రసంగాలు దానిని చిన్నపిల్లవాడి విధేయతకు ఉదాహరణగా వాడుకుంటాయి గాని, అందులోని చిక్కు వేరు. బాలుడు స్వరాన్ని స్పష్టంగానే విన్నాడు, అయినా అది ఏలీ పిలుపే అనుకుని మూడుసార్లు ముసలి యాజకుని దగ్గరికి పరుగెత్తాడు. గుర్తుపట్టినవాడు ఏలీ, ఆయనకేమో ఏమీ వినిపించలేదు. పైగా ఆ స్వరం మోసుకొచ్చిన సందేశం ఏలీ ఇంటిమీద తీర్పు. వినడం ఒకరి వంతు, గుర్తించడం మరొకరి వంతు కావచ్చుననీ, గుర్తించే అనుభవం ఉన్నంత మాత్రాన ఆ మనిషి నిర్దోషి కానక్కర్లేదనీ ఆ అధ్యాయం చెప్పకుండానే చెబుతుంది.

ప్రవక్తల విషయంలో ధర్మశాస్త్రం రెండు కొలతలు ఇచ్చింది. ద్వితీయోపదేశకాండము పద్దెనిమిదో అధ్యాయం ప్రకారం చెప్పినది నెరవేరకపోతే ఆ మాట దేవునిది కాదు. పదమూడో అధ్యాయం ప్రకారం సూచన నెరవేరినా సరే, అది అన్య దేవతల వైపు పిలిస్తే ఆ ప్రవక్తను వినకూడదు. మొదటి కొలత కాలం గడిచాక గాని పనిచేయదు, నిర్ణయమేమో ఆనాడే తీసుకోవలసి ఉంటుంది. యిర్మీయా గ్రంథం ఇరవై ఎనిమిదో అధ్యాయంలో ఈ ఇరకాటం కళ్లకు కడుతుంది: బబులోను కాడి రెండేళ్లలో విరిగిపోతుందని హనన్యా దేవుని పేరిట ప్రకటించినప్పుడు యిర్మీయా వెంటనే ఖండించలేదు, అలాగే జరుగుగాక అన్నాడు, సమాధానం ప్రవచనాలకు నెరవేర్పే సాక్ష్యమన్న సంగతి గుర్తుచేసి తన దారిన వెళ్లిపోయాడు, ప్రతిమాట ఆయనకు ఆ తరువాత గాని రాలేదు. నిజమైన ప్రవక్తకే ఆ క్షణంలో జవాబు సిద్ధంగా లేకపోవడం ఈ చర్చ అంతటిలో అతి నిజాయితీగల సన్నివేశం అనవచ్చు. సంఖ్యాబలం కూడా సాక్ష్యం కాదని అహాబు ఎదుట నాలుగు వందల మంది ప్రవక్తలు ఒకే మాట చెప్పగా మీకాయా ఒక్కడూ విరుద్ధంగా పలికిన కథ చూపుతుంది. మొదటి రాజుల గ్రంథం పదమూడో అధ్యాయం మరీ కఠినమైనది: యూదా నుంచి వచ్చిన దైవజనుడు తాను స్వయంగా పొందిన ఆజ్ఞను, బేతేలులోని వృద్ధ ప్రవక్త దేవదూత పేరు చెప్పి ఇచ్చిన అబద్ధపు ఆహ్వానానికి వదిలిపెట్టి ప్రాణం పోగొట్టుకున్నాడు. పెద్దల మాట కూడా పరీక్షకు అతీతం కాదు.

కొత్త నిబంధన పరీక్షను సంఘం చేతికి అప్పగించింది. ప్రవక్తలు ఇద్దరు ముగ్గురు మాట్లాడాక మిగిలినవారు వివేచించాలని పౌలు కొరింథీయులకు నియమం పెట్టాడు. ఆత్మను ఆర్పవద్దంటూనే సమస్తాన్ని పరీక్షించమని థెస్సలొనీకయులకు రాశాడు. యోహాను మొదటి పత్రిక ఇచ్చిన కొలత సిద్ధాంతపరమైనది: శరీరధారిగా వచ్చిన క్రీస్తును ఒప్పుకోని ఆత్మ దేవునిది కాదు. అపొస్తలుల కార్యముల పదహారో అధ్యాయంలో త్రోయలో రాత్రి దర్శనం చూసినవాడు పౌలు ఒక్కడే, కాని దానిని బట్టి మాసిదోనియకు పోవాలని నిశ్చయించుకున్నది బృందమంతా. ఆ తరువాతి తరానికి చెందిన దిదఖే అనే సంఘ నియమావళి ఇంకా లౌకికమైన కొలతలు పెట్టింది. ఊరూరా తిరిగే బోధకుడు మూడు రోజులు తిష్ఠవేసినా, ఆత్మావేశంలో డబ్బు అడిగినా అతడు అబద్ధ ప్రవక్త అని అది తేల్చేసింది. ఈ నిబంధన చదివి నేటి పాఠకుడు చిరునవ్వు నవ్వుకోవచ్చు గాని, దాని పదును తగ్గిందని చెప్పలేం.

రెండో శతాబ్దంలో ఫ్రిగియాలో మొంటానస్, ప్రిస్కిల్లా, మాక్సిమిల్లా అనేవారు నడిపిన ప్రవచనోద్యమం తరువాత ప్రధాన సంఘం బహిరంగ ప్రవచనం పట్ల జాగ్రత్తపడింది, వివేచన క్రమంగా ఎడారి సన్యాసుల విద్యగా మారింది. వారి అనుభవాన్ని లాటిను ప్రపంచానికి అందించిన జాన్ కాసియన్ తన సంభాషణల గ్రంథంలో హెరాన్ అనే వృద్ధ సన్యాసి కథ చెబుతాడు. యాభై ఏళ్లు కఠోర తపస్సు చేసిన ఆ మనిషి తోటివారితో కలిసి భోజనం చేయడానికి కూడా ఒప్పుకోక, చివరకు దేవదూత వేషంలో కనబడినవాని మాట నమ్మి, తన పుణ్యబలం చేత తనకు హాని కలగదని లోతైన బావిలోకి దూకి, అందుకే ప్రాణం విడిచాడు. కాసియన్ దృష్టిలో అతని తప్పు అధిక విశ్వాసం కాదు, ఒంటరితనం: తన ఆలోచనలను మరో పెద్ద ముందు విప్పి చెప్పే అలవాటు లేనివాడు ఎంత తపస్సు చేసినా మోసపోతాడని ఆ కథ సారం.

అదే కాలానికి చెందిన అగస్టీన్ దర్శనాలను మూడు తరగతులుగా విభజించాడు: ఇంద్రియాలతో చూసేవి, మనోఫలకంపై ప్రతిమలుగా కనిపించేవి, ప్రతిమలేవీ లేకుండా బుద్ధి నేరుగా గ్రహించేవి, మూడోదానిలోనే మోసానికి తావు లేదని ఆయన అభిప్రాయం. ఆయన మారుమనస్సు మాత్రం ఈ వర్గీకరణలో సులభంగా ఇమడదు. 386లో మిలాను తోటలో పొరుగింటి పిల్లల గొంతులా వినిపించిన మాటను దైవాజ్ఞగా తీసుకుని రోమా పత్రికను తెరిచి, కంటికి మొదట ఆనిన భాగాన్ని తన కోసమే అన్నట్టు చదువుకున్నాడు. అదే అగస్టీన్ జానువారియస్‌కు రాసిన ఉత్తరంలో, లోక వ్యవహారాల కోసం సువార్త పుటలు తిప్పి శకునం చూసే అలవాటు దయ్యాలను అడగడం కంటే మేలే అయినా తనకు నచ్చదని చెప్పాడు. 506లో ఫ్రాన్సులోని అగ్ద్ సంఘ సభ ఇలాంటి పద్ధతిని నిషేధించింది, అయినా అది పోలేదు. మొరేవియన్ సంఘం 1731 నుంచి ఏటా అచ్చువేస్తున్న అనుదిన వాక్య పుస్తకానికి వచనాలను చీట్లు తీసి ఎంపిక చేస్తుంది. ఒకప్పుడు ఆ సంఘంలో పెళ్లిళ్లకు కూడా చీటీ వేసేవారు, అమెరికాలోని సంఘాల ఒత్తిడి మీద 1818లో వాటి వరకు ఆ నియమాన్ని సడలించారు. తెలుగు సంఘాలలో కొత్త సంవత్సరపు రాత్రి ఆరాధనలో విశ్వాసులు వరుసలో నిలబడి తీసుకునే వాగ్దానపు కార్డు ఈ సుదీర్ఘ వంశావళిలోనిదే. ఆ కార్డు ఆదరణ కోసం తీసుకున్నంతవరకు దానిపై అభ్యంతరం చెప్పడం కష్టం. ఇల్లు అమ్మాలా వద్దా అని దాన్ని అడిగినప్పుడు అగస్టీన్ అసంతృప్తి వర్తిస్తుంది.

మధ్యయుగాల చివర జాన్ గెర్సన్ వంటి పారిస్ పండితులు దర్శనాలు పరీక్షించే విధానాన్ని గ్రంథస్థం చేశారు. దర్శనం చూసినవారి వినయం, ఆరోగ్యం, జీవితం, సలహాకు లోబడే స్వభావం వారి కొలతలు. ఆ కొలతలు ఎవరి చేతిలో ఉన్నాయన్నది ఎంత ముఖ్యమో జోన్ ఆఫ్ ఆర్క్ ఉదంతం చెబుతుంది: 1431లో రువాన్ సభ ఆమె విన్న స్వరాలను మోసమని తీర్పు చెప్పి ఆమెను కాల్పించింది, 1456లో ఆ తీర్పు రద్దయింది, 1920లో రోము ఆమెను పునీతురాలిగా ప్రకటించింది. స్వరాలు అవే, వాటిని విచారించిన రాజకీయం మారింది.

వివేచనను ఒక శాస్త్రంగా మలచిన ఘనత పదహారో శతాబ్దపు స్పెయిను దేశస్థులది. 1521లో పాంప్లోనా కోట యుద్ధంలో కాలు విరిగి మంచం పట్టిన ఇగ్నేషియస్ లొయోలా, శౌర్యగాథల ఊహలు కలిగించే ఆనందం కాసేపటికి పొడిబారిపోగా పునీతుల జీవితాలు చదివి కన్న కలల ఆనందం నిలిచి ఉండడం గమనించాడు. ఆ ఒక్క పరిశీలన నుంచి తరువాతి సిద్ధాంతం అంతా ఎదిగింది. మొదట్లో ఆయన కూడా అందరిలాగే తడబడ్డాడు. మరియమ్మను అవమానించినట్టు తోచిన ఒక ముస్లిం ప్రయాణికుని వెంటాడి పొడవాలా వద్దా అని తేల్చుకోలేక, కళ్లెం వదిలి తన కంచరగాడిద ఏ దారి పడితే ఆ దారినే పోతానని నిర్ణయించుకున్నాడు. మన్రేసాలో ఉన్నప్పుడు పడుకునే వేళకు గొప్ప ఆధ్యాత్మిక వెలుగులు కలిగి నిద్ర పోగొట్టసాగాయి. కొంతకాలానికి, నిద్రకు కేటాయించిన సమయాన్ని దొంగిలించే వెలుగు మంచి మూలం నుంచి రాకపోవచ్చునని తర్కించి వాటిని విడిచిపెట్టి పడుకున్నాడు. ఆధ్యాత్మిక చరిత్రలో ఇంత ఇంగితజ్ఞానం గల నిర్ణయాలు అరుదు.

1548లో అచ్చయిన ఆయన 'ఆధ్యాత్మిక సాధనలు' గ్రంథం మనసు దేవుని వైపు కదిలే స్థితిని ఆదరణ అనీ, చీకటిగా, నిరుత్సాహంగా, దేవుని నుంచి దూరమైనట్టు తోచే స్థితిని శుష్కత అనీ వేరుచేసి, శుష్కతలో ఉన్నప్పుడు ముందు చేసిన నిర్ణయాన్ని మార్చకూడదని నియమించింది. అంతకంటే సూక్ష్మమైనది రెండో శ్రేణి నియమాలలో ఉంది. ఎటువంటి కారణమూ లేకుండా హఠాత్తుగా కలిగే ఆదరణ దేవుని నుంచి మాత్రమే రాగలదని అంగీకరించిన ఇగ్నేషియస్, ఆ క్షణాన్నీ దాని వెంటనే వచ్చే సమయాన్నీ జాగ్రత్తగా వేరుచేయమంటాడు, ఎందుకంటే ఆ వెచ్చదనం ఇంకా ఉండగానే మనిషి తన సొంత ఆలోచనలతో పథకాలు అల్లి వాటికి కూడా దేవుని ముద్ర వేసుకుంటాడు. ప్రామాణికమైన స్వరం విన్నవాడు కూడా దాని అర్థం చెప్పుకునే చోట దారి తప్పవచ్చునన్న ఈ ఒక్క గుర్తింపు, దర్శనాలపై నేడు జరిగే వివాదాలలో సగానికి వర్తిస్తుంది.

అవిలా తెరెసా 1577లో రాసిన 'అంతరంగ దుర్గం'లో లోపల వినిపించే మాటలకు మూడు గురుతులు చెప్పింది: దేవుని మాట తాను చెప్పినదాన్ని మనిషిలో జరిగించే శక్తితో వస్తుంది, ఆత్మలో గాఢమైన నెమ్మదిని మిగులుస్తుంది, చాలాకాలం మరపురాదు. ఇంత అనుభవం ఉన్న ఆమె కూడా ప్రార్థనలో విన్నదీ పాపసంకీర్తనం వినే గురువు చెప్పినదీ విభేదించినప్పుడు గురువు మాటనే పాటించింది. ఆమె సహచరుడు సిలువ యోహాను ఇంకా ముందుకు వెళ్లాడు. 'కార్మెల్ పర్వతారోహణ'లో ఆయన అంతర్వాక్కులను మూడు రకాలుగా విడదీశాడు: ధ్యానంలో లీనమైన మనసు తనకు తానే జవాబులు కూర్చుకునేవి, మనసు ప్రమేయం లేకుండా విడిగా వినిపించేవి, పలికినదాన్ని ఆత్మలో వెంటనే సృష్టించేవి. మొదటి రకాన్ని గురించి ఆయన మాట వెటకారంగానే ఉంటుంది, ఎందుకంటే నాలుగు పైసల ధ్యానం చేసినవారు కూడా తమ ఊహలకు దేవుని మాటగా నామకరణం చేస్తున్నారని ఆయన గమనించాడు. రెండో రకాన్ని కూడా అనుభవజ్ఞుని సలహా లేకుండా ఆచరించవద్దన్నాడు. దేవుడు చెప్పవలసినదంతా కుమారునిలో చెప్పేశాడు గనుక కొత్త మాటల కోసం ఆరాటపడేవాడు ఆయన్ని అవమానిస్తున్నాడన్న యోహాను వాదం, ఆ కాలపు ప్రొటెస్టెంట్ల వాదానికి ఆశ్చర్యకరంగా దగ్గరగా ఉంది.

ప్రొటెస్టెంట్లు ఆ వాదానికి చేరిన దారి మాత్రం వేరు. 1521 చివరలో త్స్వికావు పట్టణం నుంచి వచ్చిన ముగ్గురు ప్రవక్తలు దేవునితో తమకు నేరుగా సంభాషణ ఉందని చెప్పుకుంటూ విట్టెన్‌బర్గును కలవరపెట్టారు. వాళ్లు మరణవేదనా నరకభయమూ ఎరుగుదురా అని అడగమని, చెప్పినదంతా హాయిగా ప్రశాంతంగా ఉంటే ఒప్పుకోవద్దని లూథర్ తన అజ్ఞాతవాసం నుంచి మెలాంక్తన్‌కు రాశాడు. ఇక్కడ తెలుగు విశ్వాసి ఒక క్షణం ఆగవలసి ఉంటుంది, ఎందుకంటే సంబంధం కుదుర్చుకోవడంలోనో ఉద్యోగం మారడంలోనో ఇక్కడి వాడుకలో అతి సాధారణమైన పరీక్ష ఆ విషయంలో 'సమాధానం' కలిగిందా లేదా అన్నదే. తెరెసాకు నెమ్మది ఒక గురుతు, లూథర్‌కు అదే అనుమానాస్పదం; ఇగ్నేషియస్ ప్రకారమైతే అది వినేవాడు ఏ దిశలో నడుస్తున్నాడన్నదాన్ని బట్టి ఉంటుంది, తప్పుదారిలో హాయిగా నడిచేవానికి దేవుని స్వరం ముల్లులాగే తగులుతుంది. నెమ్మది ఒక్కటే సాక్ష్యంగా నిలబడదని ఈ మూడు మాటలు కలిపి చదివితే తెలుస్తుంది.

కాల్విన్ ఆత్మనూ లేఖనాన్నీ విడదీయరాదని పట్టుబట్టాడు. 1646 నాటి వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రమాణం ఆత్మ పేరిట వచ్చే కొత్త ప్రత్యక్షతలు లేఖనానికి దేనినీ చేర్చలేవని చెప్పి, లేఖనంలో మాట్లాడే పరిశుద్ధాత్మనే అంతిమ న్యాయాధిపతిగా నిలబెట్టింది. ఈ కంచె దృఢమైనదే గాని, లేఖనం నేరుగా మాట్లాడని చోట, అంటే ఎవరిని పెళ్లాడాలి, ఏ ఊరికి వెళ్లాలి అన్న చోట అది మౌనంగా ఉండిపోతుంది. ఆ ఖాళీని క్వేకర్లు లోపలి వెలుగుతో నింపారు. 1656లో జేమ్స్ నేలర్ గుర్రంపై బ్రిస్టలులోకి ప్రవేశించి, క్రీస్తు యెరూషలేము ప్రవేశాన్ని అభినయించి, పార్లమెంటు చేతిలో క్రూరమైన శిక్ష అనుభవించాక, వారు కూడా వ్యక్తి వెలుగును సమాజపు నెలవారీ సమావేశంలో పరీక్షించే ఏర్పాటు పటిష్ఠం చేసుకున్నారు.

ఉజ్జీవాల కాలంలో అత్యంత నిశితంగా ఆలోచించినవాడు జొనాథన్ ఎడ్వర్డ్స్. ఏడ్పులు, వణుకు, ఆవేశం, వచనాలు హఠాత్తుగా మనసులో మెరవడం వంటివి దేవుని కార్యమని గాని కాదని గాని నిరూపించవని 1741లో, మళ్లీ 1746లో విస్తరించి చెప్పాడు. నిలిచి ఉండే ప్రేమా నడవడీ తప్ప నమ్మదగిన గురుతు ఆయనకు కనబడలేదు. 1743లో జేమ్స్ డావెన్‌పోర్ట్ అనే బోధకుడు ప్రేరేపణ అని నమ్మి న్యూ లండన్ పట్టణంలో భక్తి గ్రంథాలను బహిరంగంగా తగలబెట్టించి, మరుసటి ఏడాది తాను తప్పుడు ఆత్మకు లోబడ్డానని అచ్చులో ఒప్పుకోవడం ఎడ్వర్డ్స్ హెచ్చరికకు సమకాలీన దృష్టాంతం.

ఇరవయ్యో శతాబ్దపు వాదాలు ఎక్కువగా పాతవాటి పునరావృతులే. ఆత్మవరాలు అపొస్తలులతో ఆగిపోయాయని వార్‌ఫీల్డ్ 1918లో వాదించగా, లాస్ ఏంజెలెస్‌లోని అజూసా వీధి కూడికలతో 1906 నుంచి వ్యాపించిన పెంతెకోస్తు ఉద్యమం ఆ వాదాన్ని పట్టించుకోలేదు. ప్రతి నిర్ణయానికీ ఒక రహస్య దైవ పథకం వెతకనక్కర్లేదని, లేఖనపు హద్దులలో వివేకంతో ఎంచుకోవడమే విధేయత అని గ్యారీ ఫ్రీసన్ 1980లో రాశాడు. దేవునితో సంభాషణగా సాగే జీవితంలో ఆయన స్వరం పరిచయం వల్ల తెలిసివస్తుందని డల్లస్ విల్లార్డ్ బదులుచెప్పాడు. మానవశాస్త్రజ్ఞురాలు తాన్యా లూర్మన్ 2012లో వెలువరించిన అధ్యయనం కొత్త దారి తొక్కింది. అమెరికాలోని వైన్‌యార్డ్ సంఘాలలో విశ్వాసులు తమ ఆలోచనల మధ్య దేవుని మాటను గుర్తించడం ఒక నైపుణ్యంగా, సాధనతో నేర్చుకుంటున్నారని ఆమె వివరించింది. దేవుడున్నాడా అన్నదానిపై తీర్పు చెప్పడం తన శాస్త్రం పని కాదని కూడా స్పష్టం చేసింది. ఆమె బృందం 2014లో ప్రచురించిన మరో అధ్యయనం స్వరాలు వినే మానసిక రోగులను అమెరికాలోని సాన్ మాటియో, ఘానాలోని అక్రా, చెన్నై నగరాలలో పోల్చి చూసింది. చెన్నైలో చాలామందికి బంధువుల గొంతులే వినిపించి ఇంటి పనులు చెప్పేవి. భక్తుని అనుభవాన్నీ రోగాన్నీ ఒకే గాటన కట్టడానికి ఇది ఆధారం కాదు గాని, గొంతు ధరించే రూపాన్ని వినేవారి సమాజం తీర్చిదిద్దుతుందన్న సంగతిని వివేచన గ్రంథాలు ఇకపై విస్మరించలేవు.

తెలుగు నేలపై ఈ ప్రశ్న రెండు బలమైన రూపాలు ధరించింది. లూథరన్ సంఘంలో పనిచేసిన ముంగమూరి దేవదాసు, దర్శనంలో పేరు చూపబడిందన్న సాక్ష్యంతో 1938లో రాజమండ్రిలో బైబిలు మిషను ప్రారంభించాడు; సందేహం కలిగినదానిని దైవసన్నిధిలో మౌనంగా కనిపెట్టి అడిగి తెలుసుకోవడం ఆ సంప్రదాయంలో ప్రతి విశ్వాసికీ నేర్పే సాధన. పంజాబీ సిక్కు కుటుంబంలో పుట్టి, హైదరాబాదులోని హెబ్రోను కేంద్రంగా పనిచేసి 2000లో మరణించిన భక్తసింగ్, పరిచర్యలోని ప్రతి అడుగుకూ దేవుని చిత్తం వెతకడంలో ప్రసిద్ధుడు. 1941లో మద్రాసు దగ్గర పల్లావరం కొండపై ఆయన సహపనివారితో కలిసి రాత్రి ప్రార్థన చేశాకే స్వతంత్ర స్థానిక సంఘం మొదలైంది. ఒకటి వ్యక్తి నిరీక్షణకూ మరొకటి కలిసి వెతకడానికీ బరువిచ్చినా, రెండింటిలోనూ సమయం తీసుకోవడం ఉమ్మడి లక్షణం.

వీటి తరువాత వెలసిన స్వతంత్ర సంఘాలలో దర్శనం చెప్పేవాడూ దాన్ని నిర్ధారించేవాడూ తరచూ ఒకే పాస్టరు కావడం వల్ల, కొరింథులో మిగిలినవారికి పౌలు అప్పగించిన పని చేసేవారు ఉండరు. పెళ్లి సంబంధాల దగ్గర ఈ లోటు మరింత కొట్టొచ్చినట్టు కనబడుతుంది: దేవుడు చూపించాడని ఒక పక్షం అంటే, రెండో పక్షపు అమ్మాయికి కాదనడమే అవిశ్వాసంగా మారుతుంది. ఈ లోటు తీర్చే నమూనాలు చరిత్రలోనే ఉన్నాయి. 1539లో రోములో ఇగ్నేషియస్, ఆయన సహచరులు తమలో ఒకరికి విధేయత ప్రమాణం చేయాలా అని తేల్చుకోవడానికి కొన్ని వారాలు తీసుకుని, ఒకరి అభిప్రాయం మరొకరిపై పడకుండా విడివిడిగా ప్రార్థించి, ఒక రోజు ప్రతి ఒక్కరూ అభ్యంతరాలు మాత్రమే, మరొక రోజు అనుకూలాంశాలు మాత్రమే చెప్పారు. పదిహేడో శతాబ్దపు క్వేకర్లు పెళ్లి తలపెట్టిన జంటను రెండు నెలవారీ సమావేశాలలో తమ ఉద్దేశం ప్రకటించమని అడిగి, ఆ మధ్యకాలంలో ఇద్దరిపైనా ఇతర బాధ్యతలేవీ లేవని విచారించడానికి కొందరిని నియమించేవారు; దేవుడు నడిపించాడని జంట చెప్పినా ఆ విచారణ మానేవారు కాదు.